సారెలో వెళ్ళిపోయిన రాజకుమారి

డబ్బా బోర్లించి అడుగున రెండుసార్లు తట్టాడు ఉమామహేష్. నాలుగు చక్కెర పలుకులు రాలిపడ్డాయి. అంతే.

"ఒక్కటి కూడా లేదు సవితా. రాజు లేడు, గుర్రం లేదు, రాకాసి లేదు. ఇరవై మంది రాజకుమార్తెల్లో ఒక్కతీ లేదు."

సవిత పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని డబ్బా పక్కనే కూలబడింది. లోపల పరిచిన పత్తి అలాగే ఉంది. బొమ్మలకు చుట్టిన పల్చటి కాగితాలు మాత్రం ఒకదాని మీద ఒకటి, నీటుగా మడతలు పెట్టి ఉన్నాయి.

"చీమలు పట్టినయేమో మహేష్..."

"కాగితాలు మడతపెట్టి పోయే చీమలా?"

మామూలు రోజైతే ఆ మాటకు ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళకు నవ్వడానికి పెద్ద కారణాలు అక్కర్లేకపోయాయి. ఈ పూట మాత్రం ఇద్దరి పెదాలూ కదల్లేదు.

మేడ మీది గదిలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. బల్ల మీద రాజుగారి భోజనశాల. మోదుగాకు ముక్కలతో సవిత రెండు రోజులు కూర్చుని కుట్టిన బొటనవేలంత విస్తళ్ళు. మంచినీళ్ళ గ్లాసులుగా దర్జీ వేలితొడుగులు. ముక్కాలి మీద కెమెరా. విందుకు రావలసిన వాళ్ళే లేరు.

ఏడాదిన్నరగా చేస్తున్న సినిమా. పిల్లల కోసం నాలుగు పాత కథలు. రాకాసి తల నరికే కథల్ని కాస్త మెత్తగా తిప్పి, రాకాసికి కూడా ఆకలేస్తుందని చెప్పే బొమ్మల సినిమా. బొమ్మలు వేరే ఏవో కావు. నిజామాబాదులో హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర దండలు, పేర్లు పోసే గులాం చాచా, టేకు అచ్చులు కొత్తగా చెక్కి, పాకంతో పోసిన చక్కెర బొమ్మలు. ఒక ఫొటో తీయాలి, ఆ బొమ్మను తీసి రవ్వంత చెయ్యి లేచిన ఇంకో బొమ్మను పెట్టాలి, మళ్ళీ ఫొటో. పన్నెండు ఫొటోలు తీస్తే తెర మీద ఒక్క సెకను.

ఇక మిగిలింది విందు సన్నివేశం ఒక్కటే. పాత బొమ్మలు ఆషాఢం వానలకు చెమర్చి ముద్దయిపోతే, ఎండ కాసిన నాలుగు రోజుల్లో చాచా మళ్ళీ పోసి ఇచ్చాడు. "గిదే ఆఖరు బేటా. ముసురు పట్టిందంటె పాకం గట్టిపడది. మళ్ళ దీపావళి దాటినంక రా," అని అచ్చులు గుడ్డలో చుట్టేశాడు. సినిమా ఏమో ఇంకో పదకొండు రోజుల్లో హైదరాబాదు చేరాలి. పిల్లల సినిమాల పండుగకు అదే గడువు.

"పంతొమ్మిది మంది నడిచేవాళ్ళే. వాళ్ళు లేకపోయినా ఎట్లనో సర్దుకుందం," అన్నాడు మహేష్ నుదురు రుద్దుకుంటూ. "కూర్చున్నామె లేకుంటే కథే లేదు సవితా. ముద్ద పట్టుకుని చెయ్యి చాపిన రాజకుమారి. ఆమె అచ్చు చాచా చేతిలోనే చీలిపోయింది. లోకం మొత్తంలో ఒక్కతే ఉంది."

"బాపుకు ఫోన్ చేసిన కద నిన్న. 'మీ అత్తగారి చేతికే ఇచ్చిన బిడ్డా' అన్నడు."

ఆ మాట తన నోటి నుంచి వస్తుండగానే సవితకు ఏదో తట్టింది. మడతపెట్టిన కాగితాలు మళ్ళీ చూసింది. ఇంట్లో కాగితం కనబడితే అలా నాలుగు మూలలూ కలిపి మడత పెట్టేది ఒక్కరే.

సరిగ్గా అప్పుడే కింద గేటు చప్పుడయింది.

"అమ్మాయ్! సవితా! ఒక్కసారి కిందికి రావే తల్లీ!"

*

అత్తగారు విజయశ్రీ వసారాలో నిలబడి ఉంది. శ్రావణ శుక్రవారపు తలస్నానం, జరీ అంచు చీర, చేతిలో ఖాళీ ఇత్తడి పళ్ళెం. పళ్ళెం అడుగున కుంకుమ, రెండు తమలపాకులు. పొద్దున కురిసిన జల్లుకు చీర అంచు తడిసింది. ఆమెకు ఆ ధ్యాసే లేదు.

ఆమె ముఖం చూసి సవిత చివరి మెట్టు మీదే ఆగిపోయింది. మనిషి ముఖంలో అంత వెలుగు ఉంటుందని ఆమెకు ఇంతవరకూ తెలియదు.

"ఇరవై రెండు ఇళ్ళు! క్యాంపులో ఒక్క గడప వదల్లేదు!" అంటూ విజయశ్రీ పళ్ళెం అరుగు మీద పెట్టి, కోడలి చెంపల మీదుగా చేతులు తిప్పి మెటికలు విరిచింది. "ఎంత గుంభనమైన మనిషే మీ నాన్న! డబ్బా ఇక్కడ పెట్టాడు. 'పైలం అక్కా, పలుగుతయ్' అని జాగ్రత్త చెప్పాడు. మంచినీళ్ళైనా తాగకుండా భీమ్‌గల్ బస్సుకి వెళ్ళిపోయాడు. తెరిచి చూద్దును కదా, సారె!"

"సారె..." అంది సవిత.

"పంచదార చిలకలు లేకుండా సారె ఏంటి మరి! మా అమ్మ గుంటూరు నుంచి నా సారె తెచ్చినప్పుడు బుట్టెడు చిలకలు. ఇదే వీధిలో పంచాం. కాకపోతే మా వైపు ఉత్త చిలకలే. మీ వాళ్ళు రాజుల్నీ రాణుల్నీ పోయించారు! ఆ కిరీటాలు చూసి అందరూ నోళ్ళు తెరిచారనుకో."

సవితకు అంతా అర్థమైంది. తమ వైపు ఈ చిలకల మాటే లేదు. బాపు లింబయ్య పసుపు విత్తనం అమ్మడానికి నిజామాబాదు మార్కెట్‌కు వచ్చి, అల్లుడు అడిగాడని చాచా దగ్గర డబ్బా తీసుకుని ఇచ్చిపోయాడు. అంతే జరిగింది. ఆడపిల్ల తండ్రి వియ్యపురాలి గడపలో చక్కెర బొమ్మల డబ్బా పెడితే గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ ఈ క్యాంపులో దాని అర్థం ఒక్కటే అని పాపం ఆయనకేం తెలుసు!

"నీతో అనలేదు గానీ," విజయశ్రీ గొంతు తగ్గించింది. "నువ్వు ఆషాఢం గడిపి తిరిగొచ్చిన తొమ్మిది రోజుల నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న. 'కోడలేం తెచ్చింది విజయా, కోడలేం తెచ్చింది?' వస్తుంది, వస్తుంది అని తప్పించుకు తిరిగాను. మొన్న పాలకేంద్రం దగ్గర పున్నమ్మ పిన్ని అందరి ముందూ అనేసింది. 'పోనీలేవే, వాళ్ళ వైపు ఇచ్చిపుచ్చుకోడాలు తెలియవేమో' అని. ఆ రోజు నాకు అన్నం సయించలేదే."

"అత్తమ్మా..."

"అందుకే మొదట వాళ్ళింటికే వెళ్ళా. అన్నిటికన్నా మంచిది ఏరి మరీ ఇచ్చా. కూర్చుని చెయ్యి చాచిన రాణీ బొమ్మ ఉంది చూడు, అది. 'తీసుకో పిన్నీ, మా కోడలి సారె' అన్నాను." విజయశ్రీ చిన్నపిల్లలా నవ్వింది. "ఆవిడ ముఖం చూడాల్సింది నువ్వు!"

సవిత నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది.

"మంచిగున్నయా అత్తమ్మా, బొమ్మలు?" అని మాత్రం అడిగింది.

*

"నేను చెప్తా. ఇప్పుడే చెప్తా," మెట్ల వైపు నడిచాడు మహేష్.

సవిత అతని చొక్కా వెనకనుంచి పట్టుకుంది. "ఆగు. ఏమని చెప్తవ్?"

"ఉన్నదే. అది సారె కాదమ్మా, నా సినిమా అని."

"ఇరవై రెండు ఇండ్లల్ల తలెత్తుకుని తిరిగొచ్చింది. మళ్ళ గదే ఇండ్లకు పోయి, నేను చెప్పింది అబద్ధం, మా కోడలు ఏం తేలేదు అని చెప్పాల్నా?"

"మరి ఏడాదిన్నర పని?"

"నా పని కాదా అది? విస్తళ్ళు కుట్టి వేళ్ళు ఎట్లయినయో చూడు."

"చూశా. నిన్నే ముద్దు పెట్టుకున్నా ఆ వేళ్ళని."

"ఇప్పుడు గవన్నీ చెప్పి నన్ను నవ్వియ్యకు!"

పెళ్ళయ్యాక ఇదే మొదటి పోట్లాట. అందులోనూ అతని మీసానికి ఒక చక్కెర పలుకు అంటుకుని మెరుస్తోంది. అది తుడవాలో, అతని మీద కోపం తెచ్చుకోవాలో తేలక సవిత ముఖం తిప్పుకుంది.

"సారె తిరిగి ఇమ్మని ఎవరన్న అడుగుతరా మీ దాంట్ల?" అంది కాసేపటికి.

"అడగరు. గుంటూరు వదిలి ఇక్కడికొచ్చినా అడగరు."

కిటికీ అవతల చూరు నుంచి నీటిబొట్లు రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది. మహేష్ వెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చుని, ఏం చేయాలో తోచక, ఇదివరకు తీసిన భాగం నడిపించాడు.

ఎన్నిసార్లు చూసినా సవితకు అక్కడ ఊపిరి ఆగుతుంది. అడవిలో చక్కెర రాజకుమారి నడుస్తోంది. వెనకనుంచి పడిన దీపపు వెలుగు ఆమె ఒంట్లోంచి దూరి ఇవతలకు వస్తోంది. లోపల ప్రాణం వెలుగుతున్నట్టే ఉంటుంది. చెట్టు కింద రాకాసి కాలు పట్టుకుని మూలుగుతోంది. రాజకుమారి పారిపోదు. వంగి, కాల్లోని ముల్లు తీసి, "అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న తననెవరూ ఎప్పుడూ అడగలేదన్నట్టు రాకాసి కళ్ళు పెద్దవవుతాయి.

"ఒరేయ్!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. బూరెల గిన్నెతో విజయశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒరేయ్ మహీ, అది నడుస్తోందిరా!"

మహేష్ లాప్‌టాప్ మూయబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాడు. విజయశ్రీ గిన్నె పక్కన పెట్టి నేల మీదే చతికిలబడింది. కొడుకు సినిమా సినిమా అంటూ నిజామాబాదులో అద్దెగది తీసుకుని కూర్చున్నాడని తెలుసు గానీ, అదేమిటో ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ గది కురవబట్టే ఈ వారం సామానంతా ఇంటికి చేరింది.

"రాకాసి ఏడుస్తోందే! ఇదంతా నువ్వే చేశావా?"

"నేను, సవిత, గులాం చాచా."

"ముల్లు తీసేటప్పుడు ఆ పిల్ల చెయ్యి చూశావా... నొప్పెడుతుందేమోనని ఎంత మెల్లగా..." ఆమె గొంతు గుసగుసయింది. "మళ్ళీ వెయ్యరా నాన్నా."

మూడోసారి వేశాడు. ఈసారి ఆమె ఏమీ మాట్లాడలేదు. సవిత తెర వైపు చూడటం మానేసి అత్తగారినే చూస్తోంది. ఆ ముఖం మీద ఆడుతున్న వెలుగు ఒకచోట ఆగింది.

"ఆ కిరీటం..." అంది విజయశ్రీ.



ఆమె తల తిప్పి బల్ల మీది బుల్లి విస్తళ్ళు చూసింది. వేలితొడుగు గ్లాసులు చూసింది. బోర్లించిన డబ్బా చూసింది. మళ్ళీ తెర చూసింది.

"ఈ పిల్లని పొద్దున నా చేత్తో నేనే పంచిపెట్టి వచ్చాను."



"అంటే అది సారె కాదు." అడగలేదు, తనకు తానే చెప్పుకుంది. తర్వాత, "ఇందాక నేను కింద అంత సంబరపడుతుంటే నవ్వుకున్నారా ఇద్దరూ?" అంది.

"లేదత్తమ్మా! మీ మీద ఒట్టు!" సవిత ఆమె పక్కన కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. "మిమ్మల్ని గంత సంతోషంగ ఎన్నడు చూడలే. ఎట్ల చెప్పాల్నో తెలువలే. ఇంకోటి... మా అమ్మ ఏం పంపకుంట లేదు అత్తమ్మా. ఒడిబియ్యం పోసి పంపింది."

"ఏ బియ్యం?"

"పసుపు కలిపిన బియ్యం. మా దిక్కు ఆడపిల్ల ఒడి నింపి పంపుతరు. గదే మా సారె. ఇంటికొచ్చినంక వండి పదిమందిని పిలిచి పెట్టాలె."

విజయశ్రీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఆ పచ్చబియ్యమా! పురుగు పట్టకుండా పసుపు పట్టించారనుకుని డ్రమ్ములో పోశానే! రంగు పోవట్లేదని మూడేసి సార్లు కడిగి వండుతున్నా!"

"ఎర్కనే. రెండో దినం నుంచే అన్నం పచ్చగ అనిపించింది."

"మరి చెప్పవేం?"

"మీరు మాత్రం సారె ఏదని నన్ను అడిగిండ్రా?"

అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తొమ్మిది రోజులుగా ఒకే వంటింట్లో ఇద్దరూ మింగి కూర్చున్న మాటలవి. ముందు ఎవరి పెదవి వణికిందో గానీ, నవ్వు ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. కళ్ళనీళ్ళు కూడా.

మహేష్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, రాకాసి ఎవరింటికి పోయింది?"

"రాకాసి ఎవర్రా?"

"కోరలున్న బొమ్మ."

విజయశ్రీ ముఖం పాలిపోయింది. "అది... అమ్మవారు కాదా?"

*

దేవుడి గూట్లో, వరలక్ష్మి పటం పక్కన, తమలపాకు మీద కూర్చుని ఉంది రాకాసి. నుదుట కుంకుమబొట్టు. తల మీద ఎర్ర మందారం. ముందు రెండు బూరెల నైవేద్యం. దీపం వెలుగు చక్కెర ఒంట్లోంచి పారి, కోరల చివర్లు తేనెరంగులో మెరుస్తున్నాయి.

ముగ్గురూ గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

ఆ రాకాసి ముఖాన్ని సవిత నెలల తరబడి చూసింది. కళ్ళు ఎలా గీయాలని మహేష్‌తో వాదించింది. కానీ ఈ ముఖం ఆమె ఎరగనిది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎవరో పీట వేసి కూర్చోబెడితే, ఎక్కడ చూడాలో తెలియక సిగ్గుపడుతున్న ముఖంలా ఉంది. ఒక్క బొట్టు. ఆ ఒక్క బొట్టుతో ఏడాదిన్నరగా వాళ్ళు వెతుకుతున్నది వచ్చి కూర్చుంది.

"ఇదే," అన్నాడు మహేష్, ఎక్కడ చెదిరిపోతుందోనని భయపడుతున్నట్టు. "మన ఆఖరి సన్నివేశం ఇదే సవితా. విందుకు వచ్చిన రాకాసికి బొట్టు పెట్టాలి. మనకి తట్టనే లేదు!"

"అపచారం జరిగిందేమోరా," అంది విజయశ్రీ బెదురుగా.

"కాదత్తమ్మా," అంది సవిత. "మీరు మా కథ ఎన్నడు వినలే. అయినా మాకన్న మంచిగ చెప్పిండ్రు."

విజయశ్రీ ఆ బొమ్మనే చూస్తూ నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. డ్రమ్ము మూత తీసిన చప్పుడు, గిద్ద గీరుకున్న చప్పుడు వినిపించాయి. బయటికి వచ్చినప్పుడు ఇత్తడి పళ్ళెం నిండా పసుపు బియ్యం ఉంది.

"పద."

"ఎక్కడికత్తమ్మా?"

"పదిమందిని పిలవాలన్నావుగా. పిలుద్దాం. అందరూ మధ్యాహ్నం మనింటికి భోజనానికి రావాలి. బొమ్మ ఇంకా తినకపోతే తీసుకుని రావాలి. మేడ మీద వాటికీ విందు ఉంది."

"ఏమని చెప్తరు?"

"గేటు దాకా నడిచేలోగా ఏదో ఒకటి తోస్తుందిలే."

తడిసిన రోడ్డు మీద ఎదురుగుండా ఉన్న చెంచురామయ్య గారి గేటు అన్నిటికన్నా దగ్గర. ఆయన నెమ్మదస్తుడు, ఏం చెప్పినా నవ్వి ఊరుకుంటాడు. విజయశ్రీ ఆ గేటు దాటేసింది. దాని తర్వాతదీ దాటేసింది. వీధి చివరన పున్నమ్మ గారి మెట్ల ముందు ఆగింది. పళ్ళెం సరిచేసి పట్టుకుంది.

"ఏంటే విజయా, మళ్ళీ వచ్చావు?" పున్నమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ అరుగు మీదకు వచ్చింది. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు గోడ మీదుగా తొంగిచూశారు.

"పిన్నీ, పొద్దున నేను నీకు చెప్పింది తప్పు." విజయశ్రీ గొంతు వీధి మొత్తానికీ వినిపించింది. "ఆ బొమ్మలు మా కోడలి సారె కాదు. మా వాడు పిల్లల కోసం తీస్తున్న సినిమావి. తెలియక పంచాను."

గోడ మీది తలలు కదిలాయి. పున్నమ్మ పెదవి ఒక పక్కకు వంకర తిరగబోయింది.

"మా కోడలి సారె ఇదీ." విజయశ్రీ పళ్ళెం ముందుకు చాచింది. "తొమ్మిది రోజుల కిందటే ఒడి నిండా తెచ్చింది. గుర్తుపట్టలేని తెలివితక్కువదాన్ని నేను. మీ అందరికీ వండి పెడతాను, మధ్యాహ్నం రండి."

సవిత ఆమె పక్కనే, ఒక అడుగు వెనక నిలబడి ఉంది. మబ్బు చాటు నుంచి వచ్చిన ఎండ ఆ పసుపు గింజల మీద పడింది. నిన్నటి దాకా ఈవిడ తన భర్తకు తల్లి, అంతవరకే. ఇవాళ చూస్తుంటే కథల్లో ఉండాల్సిన మనిషిలా ఉంది.

పున్నమ్మ మెట్లు దిగి వచ్చింది. రెండు గింజలు వేళ్ళతో తీసుకుని చూసింది. పెదవి వంకర పోయింది. పాలకేంద్రం దగ్గర తనన్న మాట గుర్తొచ్చిందేమో, ఆమె ముఖం చిన్నబోయింది.

"వస్తానే. రాకేం." ఆగింది. "కానీ ఆ రాణీ బొమ్మ..."

"తినేశావా పిన్నీ?"

"అంత ముద్దుగా ఉన్నదాన్ని ఎవరు తింటారే! మా అమ్మాయి ఉదయలక్ష్మి వచ్చిందిగా. దాని ఆడపడుచుకి ఎల్లుండి సీమంతం, కమ్మర్‌పల్లిలో. సారెలో పెట్టమని దూదిలో చుట్టి దాని సంచిలో పెట్టాను. ఇప్పుడే, ఈ నిమిషాన, బస్సుకని బయల్దేరింది. ఫోన్ కూడా ఇక్కడే మర్చిపోయింది."

కాలువ వంతెన అవతల బస్సు హారన్ మోగింది. ఒకసారి. రెండోసారి.

విజయశ్రీ కోడలి వైపు తిరిగింది. అప్పటికే సవిత పట్టుచీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చెప్పులు విడిచేసింది.